చెంపలో రూపాయి

జొన్నరొట్టె తట్టేటప్పుడు అరచేతిలో రూపాయి దాచుకోకూడదని వంట పుస్తకాల్లో రాయరు, గారడీ పుస్తకాల్లోనూ రాయరు. రెండు విద్యలూ ఒకే పొయ్యి ముందు నేర్చుకునే ఆడది ఒకతె ఉంటుందని వాళ్ళు అనుకుని ఉండరు. ఆ పొద్దున కుడి అరచేతి మధ్యలో నిజాం సర్కారు హాలీ రూపాయి పట్టుకుని, అదే చేత్తో పిండిముద్దను పీట మీద తడుతున్నాను. రూపాయి జారడం లేదన్న సంబరంలో దానికొక ముఖం ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. రొట్టెను పెనం మీద కాల్చి మా అత్త కంచంలో వేశాను. మా అత్త తిరుపతమ్మ తుంచబోయి ఆగింది. వాకిట్లోంచి వచ్చే వెలుగుకు ఎత్తి పట్టింది. రొట్టె నడిమధ్యన చార్మినారు, మినార్లతో సహా. చుట్టూ ఉన్న ఉర్దూ అక్షరాలు మాత్రం అద్దంలోలాగా తిరగబడి, పాపం, తెలుగులా ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి.

“ఏందే కోడలా,” అన్నది మా అత్త, “సర్కారు మన రొట్టెల మీద గూడ మొహర్లు కొడుతుండా?”

ఆమెకు నేనిచ్చిన జవాబు తర్వాత చెబుతాను. ముందు మా ఆయన గురించి చెప్పాలి. మా ఇంట్లో ఏ సంగతి చెప్పాలన్నా ముందు ఆయన గురించే చెప్పాలి.

మా ఆయన తిమ్మప్ప గద్వాలలో చీరల షావుకారు. ఇంట్లో ముందు సగం దుకాణం, వెనక సగం మేము. రాయచూరు నుంచో కర్నూలు నుంచో బేరగాళ్ళు వస్తే నిండు చీరను మడిచి, మడిచి, అగ్గిపెట్టెలో కుక్కి మూసేవాడు. మళ్ళీ కొస పట్టి లాగితే అంచూ కొంగూ చెడకుండా గజాలకు గజాలు బయటికి వచ్చేది. జనం నోళ్ళు తెరిచేవారు. తెరిచిన నోళ్ళంటే ఆయనకు మహా ఇష్టం, ఇంట్లోవి తప్ప. ఆ అగ్గిపెట్టె నుంచే గారడీ పిచ్చి పుట్టింది. కర్నూలులో ఎవరో రూపాయలు మాయం చేసేవాణ్ణి చూసి వచ్చి, బొంబాయి నుంచి ఒక ఇంగ్లీషు పుస్తకం తెప్పించుకున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు. హైదరాబాదులో ఇంటరు పాసై, బీయే మొదటి ఏడు సగంలో ఉండగా మా నాయన నన్ను పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టాడు. ‘చదువుకున్న పిల్ల, దుకాణానికి ఉత్తరాలు రాస్తది’ అని వీళ్ళు సంబంధం ఖాయం చేసుకున్నారు. ఉత్తరాలు రాశాను. అంట్లు తోమాను. నూలు చీరకు పట్టు అంచు అతికే ఆడవాళ్ళందరికీ అన్నాలు వండాను. ఇక ఇంద్రజాలాన్ని కూడా తెలుగు చేసి పెట్టాను.

ఆయన దిండుకు ఆనుకుని కూర్చుంటే నేను నేల మీద కూర్చుని చదివి చెప్పేదాన్ని. అరచేతి గుంటలో రూపాయి పెట్టుకోవాలి. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా ఉండే కండను కొంచెం, కొంచెమే, బిగించాలి. అది రూపాయి అంచును పట్టుకుంటుంది. వేళ్ళు వదులుగా ఉండాలి, చేతిలో ఏమీ లేనట్టే ఉండాలి. “జర మెల్లగ చదువు, నీ పరీక్షనా ఏంది గిది?” అనేవాడు. రూపాయి జారి కింద పడ్డప్పుడల్లా తప్పు నా తెలుగుది. అప్పుడు పుస్తకం వచ్చి నా నెత్తిన పడేది. బొంబాయి వాళ్ళు మంచి గట్టి అట్ట వేస్తారు.

ఆ పుస్తకంలో ఇంకొక మాట ఉంది. చూసేవాళ్ళ కళ్ళను చేతి మీద నుంచి తప్పించాలట. అందుకు గారడీవాడు నవ్వాలి, కబుర్లు చెప్పాలి, రుమాలు విదిలించాలి. మా ఆయనకు నవ్వడం కష్టం. కబుర్లు అసలే రావు. చెంపదెబ్బ తేలిక. అందుకని పుస్తకంలో లేని ఆట ఒకటి సొంతంగా కనిపెట్టాడు.

మొదటిసారి అది దసరా నాడు. జమ్మి ఆకు పంచుకోవడానికి ఊళ్ళో పెద్దలంతా మా దుకాణంలో కూర్చున్నారు. నేను ఫలహారం పళ్ళెంతో వస్తే, “మా ఇంటి లక్ష్మి ఏడుంటదో చూస్తరా?” అని నన్ను మధ్యలో నిలబెట్టాడు. వేళ్ళు విప్పి చేతులు తిప్పాడు. కొట్టాడు. నాతో ముందు చెప్పలేదు. చెబితే నా మొహంలో తెలిసిపోతుందని తర్వాత అన్నాడు. నా తల గోడకు తగిలింది, పళ్ళెం ఎగిరింది, చెంప దగ్గర నుంచి ఒక రూపాయి రాలి బండల మీద గణగణమంది. “వహవ్వా!” అన్నారు పెద్దలు. ఎవరో ఈల వేశారు. నా నాలుక పళ్ళ మధ్యన పడి తెగింది. నోట్లో ఊరిన రక్తాన్ని ఎక్కడ ఉమ్మాలో తెలియక మింగాను. దానికి కూడా రూపాయి రుచే ఉంది. గుడ్లప్పగించి అందరూ నా చెంపనే చూస్తున్నారు. కొట్టిన చేతిని ఒక్కరూ చూడలేదు. పుస్తకం రాసినవాడికి మనుషుల సంగతి బాగా తెలుసు.

ఆ తర్వాత ఆటకు పేరొచ్చింది. వనపర్తిలో పెళ్ళిళ్ళు, వడ్డేపల్లిలో పంట పండగలు, నాగర్‌కర్నూలులో పెద్దవాళ్ళ విందులు. నన్ను పెట్టెలూ మూటలతోపాటు బండిలో ఎక్కించుకుని పోయేవాడు. రూపాయిని అరచేతిలో పెట్టుకుని కొడతాడు కాబట్టి మామూలు చెంపదెబ్బ కంటే అది వేరు. రూపాయి అంచుకు సన్నగా గాట్లుంటాయి. అవి దవడ ఎముక మీద నెలవంకలా దిగేవి. ఇక ఇంట్లో కొట్టడం వేరే పద్దు. పులుసు చల్లారిందని కొట్టేవాడు, వేడిగా ఉందని కొట్టేవాడు. బేరం తప్పితే జుట్టు పట్టి స్తంభానికి కొట్టేవాడు. ఒకసారి చీర అంచులు అతికే కర్ర విరిగేదాకా కొట్టి, కర్ర విరిగినందుకు మళ్ళీ కొట్టాడు. అప్పుడెప్పుడూ రూపాయి రాలలేదు. ఆయన ఆటకూ ఆయన కోపానికీ మధ్యన తేడా ఒక్క రూపాయి.

మా అత్తకు మాత్రం అదంతా మా ఊరి దేవత జమ్ములమ్మ తల్లి మహిమ. కొడుకు చేతికి తల్లి వరమిచ్చిందని నమ్మింది. “లక్ష్మి నీ చెంపల కాపురముంది. అందరికి దొరుకుతదా గా భాగ్యం? ఓర్సుకోవాలె” అనేది. నేను ఆట నుంచి తిరిగి వచ్చిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టి పెద్ద చిప్ప నాకే ఇచ్చేది. వాచిన దవడతో కొబ్బరి నమలడం ఎట్లాంటిదో దేవతలకు తెలియదనుకుంటాను.

ఖిల్లా ఘణపూర్‌లో ఒక పెళ్ళి విందులో నా చెవి పోయింది. ముందు వరసలో కూర్చున్న ఎవరో ‘దెబ్బ ఉత్తుత్తిదే’ అన్నారట. ఉత్తుత్తిది కాదని నిరూపించడం మగవాడికి పరువు సంగతి. లోపల ఏదో గుడ్డ చిరిగినట్టయింది. అంతమంది చప్పట్లు కొడుతుంటే నాకు ఒకవైపు నుంచే వినపడ్డాయి. మెడ మీదికి వెచ్చగా ఏదో కారుతుంటే చెమటేమో అనుకుని కొంగుతో తుడిచాను. కొంగు ఎర్రనయింది. ఆ చీర అంచూ ఎరుపే కాబట్టి ఎవరికీ కనబడలేదు. దవాఖానలో డాక్టరు నన్ను చూసి “ఎట్లయిందమ్మా?” అన్నాడు. “జారిపడ్డది” అన్నాడు మా ఆయన. డాక్టరు నా చెంప మీద తేలిన ఐదు వేళ్ళనూ చూశాడు, మా ఆయన షేర్వాణీని చూశాడు, చెవిలో వేసే చుక్కల మందు రాశాడు. ఐదు వేళ్ళున్న బండ మీద జారిపడ్డానన్నమాట.

ఆనాటి నుంచి నా ఎడమ చెవిలో ఒక మగ్గం ఆడుతోంది. టకటక, టకటక, సెలవు లేదు, పండగ లేదు. తిరుగు బండిలో దాన్ని వింటూ కూర్చున్నప్పుడు ఒక ఆలోచన వచ్చింది. ఈ విద్యను ముక్క ముక్కా తెలుగు చేసినదాన్ని నేను. ఆయన చేతికి నేర్పినదీ నేనే. నా చేతులతో ఒక్కసారైనా చేసి చూశానా? లేదు. ఎందుకు చూడలేదంటే, ఎవరూ చూడమని చెప్పలేదు. చెబితే తప్ప ఏదీ చేయకూడదన్న అలవాటు ఎంత లోతుకు దిగిందో చూసుకుంటే, చెవి నొప్పి కంటే అదే ఎక్కువ బాధించింది.

పుట్టింటి నుంచి పంపేటప్పుడు మా అమ్మ పోసిన ఒడిబియ్యంలో ఒక రూపాయి వచ్చింది. బియ్యం వండుకు తిన్నాం, రూపాయిని డబ్బా అడుగున దాచుకున్నాను. దాన్ని తీశాను. మొదట్లో నిలిచేది కాదు. ఇసుర్రాయిలో పడింది, మజ్జిగ కుండలో పడింది, ఒకసారి బావిలో పడబోయి బొక్కెన అంచున ఆగింది. పడ్డ చప్పుడుకు మా ఆయన “ఏందది?” అంటే “గిన్నె” అనేదాన్ని. ఆడది ఉన్న చోట ఏది మోగినా గిన్నే అనుకుంటారు. తర్వాత తర్వాత నిలవసాగింది. చేతిలో రూపాయితోనే ఊడ్చాను, రూపాయితోనే కవ్వం తిప్పాను, రూపాయితోనే మా కూతురికి జడ వేశాను. అదే చేత్తో మా ఆయన విస్తట్లో అన్నం వడ్డించాను, ఆయన పక్కన కూర్చున్న బేరగాళ్ళకు నెయ్యి పోశాను. జానెడు దూరంలో నా చెయ్యి కదులుతుంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. గారడీవాళ్ళు రుమాళ్ళూ నవ్వులూ ఎందుకు వెతుక్కుంటారో అని అప్పుడు నాకు నవ్వొచ్చింది. మాకు అవేమీ అక్కరలేదు. పని చేస్తున్న ఆడదాని చెయ్యిని ఎవరూ చూడరు. అందులోంచి వచ్చిన అన్నాన్ని చూస్తారు, అందులో ఉప్పును చూస్తారు. చేతిని చూడరు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మాకు కనబడకుండా ఉండటం అలవాటే. దాన్ని విద్యగా వాడుకోవచ్చని తెలియకపోవడమే ఆలస్యం.

అట్లా నా విద్య పండుతున్న రోజుల్లోనే చార్మినారు వెళ్ళి రొట్టె మీద కూర్చుంది.

మా అత్త అడిగిన దానికి జవాబుగా నేను కుడిచెయ్యి చాపి తెరిచాను. పిండిలో రూపాయి. ఆమె దాన్ని ముట్టలేదు. రొట్టెను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ముద్ర చుట్టూ ఉన్న గాట్ల గీతలను వేలితో తడిమింది. తర్వాత నా గడ్డం పట్టి మొహం వెలుగు వైపు తిప్పింది. వారం కిందటి ఆట గుర్తు దవడ మీద ఇంకా ఉంది. రొట్టెను నా చెంప పక్కన పెట్టి చూసింది, చీరకు అంచు సరిపోతుందో లేదో చూసినట్టు.

“అంటె మహిమ గాదా?” అన్నది.

“చెయ్యి, అత్తమ్మా.”

“నా కొడుకు చెయ్యేనా?”

“మొదటి నుంచి చెయ్యే.”

పెనం మీద రెండో రొట్టె మాడింది. “మీ మామ కొట్టినప్పుడు నేను గూడ ఏం రాలిందో అని కిందికి చూస్తుంటి,” అన్నది చివరికి. “నా కొడుకు చేతికి రూపాయి రాల్తదంటె, నా చెంపలనే ఏం లేకుండెనేమో అనుకున్న. నాకు ఒక్క పన్ను రాలింది. గంతే.” చార్మినారున్న రొట్టెను తుంచి, పప్పులో అద్ది, ఉన్న పళ్ళతో నెమ్మదిగా నమిలి మింగింది. “పప్పుల ఉప్పు తక్కువైంది” అని లేచిపోయింది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కొబ్బరికాయలూ కొట్టలేదు.

దసరా దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆయన అన్నాడు: “నీ చెంప పాతబడ్డది. పోయినసారి రాయచూరు షావుకారు నవ్వనే లేదు. ఈ దసరకు పిల్లను నిలబెడ్త. చిన్న చెంప, పెద్ద రూపాయి. జనం పరేషానైతరు.”

మా పిల్ల పేరు ఈదమ్మ. మా మామ తల్లి పేరు పెట్టారు. పేరు ఒక్కటే ముసలిది. పాలపళ్ళు ఇప్పుడిప్పుడే ఊడుతున్నాయి.

“అది పసిపిల్ల,” అన్నాను.

“జర మెల్లగనే కొడ్త.”

“మీకు మెల్లగ కొట్టుడు రాదు.”

ఆ మాట నిజమని ఆయన అక్కడికక్కడే చూపించాడు. ఇత్తడి చెంబు నా కనుబొమ్మ మీద తగిలి పప్పులో పడింది. లేచి వచ్చి, కింద పడ్డ నా కుడిచేతి మీద కాలు పెట్టి నిలబడ్డాడు. “నాకే నేర్పుతవా? పిల్ల నాది. చెంప నాది,” అన్నాడు. మడమ తిప్పాడు. ఆ చేతిలో అప్పుడు రూపాయి ఉంది. వేళ్ళు నలుగుతున్నా బొటనవేలి కింది కండ దాన్ని వదలలేదు. అరుస్తూనే ఆ సంగతి గమనించాను. నిలిచింది అనుకున్నాను. అంత నొప్పిలో నాకు కలిగిన గర్వాన్ని తలచుకుంటే ఇప్పటికీ కొంచెం సిగ్గేస్తుంది, కొంచెమే.

మరునాడు దుకాణంలో ఎవరూ లేని వేళ అక్కడి నుంచి చప్పుడు వినబడింది. తడిబట్ట బండకేసి కొట్టినట్టు, ఆగి ఆగి. వెళ్ళి చూస్తే, బేరగాళ్ళ కోసం పెట్టిన నిలువుటద్దం ముందు ఈదమ్మ నిలబడి ఉంది. తన చెంప మీద తానే కొట్టుకుంటోంది. కొట్టుకుని, కింద బండల మీద వెతుకుతోంది. మళ్ళీ కొట్టుకుంటోంది. చెంప కందిపోయి, కళ్ళ నిండా నీళ్ళున్నాయి, కానీ ఏడవడం లేదు. ఏదో చేతకాని పనిని పట్టుదలగా చేస్తున్న మొహం.

“అమ్మా, నాయిన నా చెంపల గూడ రూపాయుందన్నడు,” అన్నది నన్ను చూసి. “రాలుతలేదు. జర నువ్వు కొట్టవా? గట్టిగ.” కళ్ళు మూసుకుని చెంప నా వైపు తిప్పింది.

దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. వాచిన చేతిని దాని కళ్ళ ముందు పెట్టి, “కళ్ళు తెరువు బిడ్డా,” అన్నాను. వేళ్ళు విప్పాను. “రూపాయి చెంపల ఉండదు. కొట్టేటోళ్ళ చేతిల ఉంటది.”

అది రూపాయిని చూసింది. నన్ను చూసింది. నా కనుబొమ్మ మీది గాయాన్ని, దవడ మీది నెలవంకలను ఒక్కొక్కటీ చూసింది. “చేతిల్నే ఉంటె,” అన్నది, “మరి కొట్టుడెందుకమ్మా?”

బీయే మొదటి ఏడు సగం చదివినదాన్ని. కొంగుతో దాని చెంప మీది నీళ్ళు తుడిచాను.

దసరా సాయంత్రం దుకాణం నిండిపోయింది. గద్దె మీద రాయచూరు షావుకారు, చుట్టూ ఊరి పెద్దలు, అరుగు మీద నేతగాళ్ళు, లోపలి గుమ్మం వెనక ఆడవాళ్ళు. మా ఆయన నేను ఇస్త్రీ చేసిన షేర్వాణీ వేసుకున్నాడు. కుడివైపు లోపల రూపాయి కోసం చిన్న జేబు కుట్టింది కూడా నేనే. రుమాలు తీసేటప్పుడు రూపాయి ఆయన అరచేతిలోకి వచ్చింది. అది నాకొక్కదానికే తెలుసు. రూపాయి చేరితే ఆయన బొటనవేలు కర్రలా బిగుస్తుంది. ఎన్నిసార్లు చదివి చెప్పినా ఆ తప్పు దిద్దుకోలేదు.

“మా బిడ్డ చెంపల లక్ష్మి ఉంది, చూస్తరా?” అన్నాడు. కొత్త లంగా కట్టుకున్న ఈదమ్మ మధ్యలోకి వచ్చి నిలబడింది. నా వైపు చూసి కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆయన చెయ్యి భుజం దాకా లేచింది.

“ఆగుండ్రి,” అన్నాను.

జమ్మి పళ్ళెం పట్టుకుని గుమ్మం దాటి వచ్చాను. నలుగురూ ఉండగా పిలవకుండా నేను ఆ గదిలోకి రావడం అదే మొదలు. “ఇంటిదాని చేతి బంగారం తీసుకోకుండనే ఆట మొదలుపెడ్తరా? నా జమ్మి ఇంకా ముట్టనే లేదు మీరు.”

దసరా నాడు జమ్మి ఆకే బంగారం. ఎవరిచ్చినా కాదనకూడదు. “తగోరి, తిమ్మప్పా, తగోరి,” అన్నాడు రాయచూరు షావుకారు తన కన్నడంలో, తీసుకోమన్నట్టు చెయ్యి ఊపుతూ. “మనె లక్ష్మి, మీ ఇంటి లక్ష్మి ఇస్తున్నది.”

మా ఆయన ఎడమచెయ్యి చాపాడు.

గుమ్మం వెనక నుంచి మా అత్త గొంతు వచ్చింది: “ఏందిరా గది? బంగారం ఎడమచేత్తో తీసుకుంటరా ఎవరన్న?”

గదిలో తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. కుడిచెయ్యి చాపక తప్పలేదు. సగం మూసి, బోర్లించి చాపాడు. నేను పళ్ళెం గద్దె మీద దించి, నా ఎడమచేతి వేళ్ళను ఆయన చేతి కింద పెట్టి, ఎంతో వినయంగా, వెల్లకిలా తిప్పి, అదే కదలికలో కుడిచేతిలోని ఆకుల గుత్తిని పైన కప్పాను. చెమటతో చల్లగా ఉందా చెయ్యి. ఆకుల కింద నా వేళ్ళు రూపాయి అంచును లేపాయి. ఆయన బిగించాడు. నేను ఇంకొంచెం లేపాను. ఎన్నో రోజులు రొట్టెలు తట్టిన చెయ్యి, మడమ కింద నలిగి కూడా వదలని చెయ్యి. రూపాయి ఆయనను విడిచి నా దగ్గరికి వచ్చింది.

ఆయనకు తెలిసింది. మా కళ్ళు కలిశాయి. పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టినప్పుడు కూడా ఆయన నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. నా రూపాయి పోయిందని అరవాలంటే, రూపాయి తన చేతిలో ఉండిందని చెప్పాలి. ఆకులను గుప్పిట్లో నలిపాడు.

జమ్మి ఇచ్చాక పెనిమిటి కాళ్ళు మొక్కాలి. అందరూ నేను వంగుతానని చూస్తున్నారు. నేను వంగలేదు. పిల్లను పక్కకు జరిపి, పెద్దల వైపు తిరిగి, “ఇన్నేండ్లు లక్ష్మి నా చెంపల కాపురముందని మీరంత చూసిండ్రు,” అన్నాను. “ఈ ఏడు ఇల్లు మారినట్టుంది.”

కొట్టాను.

మనిషి చెంప అంత మెత్తగా ఉంటుందని, దాని కింద ఎముక అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నాకు ఏ వైపు మగ్గం ఆడుతోందో ఆ వైపే తగిలింది. ఆయన తల తిరిగి చీరల బీరువాకు కొట్టుకుంది. రూపాయి రాలింది, బండల మీద మోగింది, దొర్లుకుంటూ పోయి రాయచూరు షావుకారు కాలి దగ్గర పడుకుంది.

షావుకారు వంగి రూపాయిని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. “శాబాష్! శాబాష్ తిమ్మప్పా! ఏం ఆట పట్టినవయ్యా!” అందరూ చప్పట్లు. అరుగు మీద నేతగాళ్ళు లేచి నిలబడ్డారు. అందరూ ఆయన చెంపనే చూస్తున్నారు. నా చేతిని చూసినవాళ్ళు ఇద్దరే. ఒకటి మా పిల్ల, కళ్ళు తెరుచుకుని. ఇంకొకరు మా అత్త. ఆమె గుమ్మం దాటి ముందు గదిలోకి వచ్చి నిలబడింది.

“ఇంకో చెంప గూడ చూడు బిడ్డా,” అన్నది. “నేను కన్న కొడుకు, నాకు తెల్వదా? దాంట్ల గూడ ఉంటది.”

కుడిచెయ్యి వాచిన రోజుల్లో ఎడమచేతికీ విద్య నేర్పాను, అందులో పొద్దున్నుంచీ ఒడిబియ్యం రూపాయి ఉంది. ఈసారి ఇంకొంచెం నేర్పుగా కొట్టాను. ఆయన పెదవి చిట్లి రక్తం షేర్వాణీ మీద చుక్కలుగా పడింది. రెండో రూపాయి కూడా మోగింది. జనం కేకలు పెట్టారు. గారడీవాడు ఏమైనా సరే నవ్వు వదలకూడదని పుస్తకంలో ఉంది, నేనే తెలుగు చేశాను. ఎర్రబడ్డ పళ్ళతో ఆయన నవ్వాడు. అది ఒక్కటి బాగా నేర్చుకున్నాడు.

పోతూ పోతూ షావుకారు, తన కూతురి పెళ్ళికి మమ్మల్నిద్దరినీ రాయచూరు రమ్మన్నాడు. “అమ్మ తప్పకుండ రావాలె,” అన్నాడు. “ఈ కొత్త ఆటనే కావాలె మాకు.” మా ఆయన తల ఊపాడు. ఊపినప్పుడు నొప్పికి కళ్ళు మూసుకున్నాడు. ఆ రాత్రి మా అత్త నన్నూ పిల్లనూ తన గదిలో పడుకోబెట్టుకుని, తలుపుకు అడ్డంగా తన మంచం వేసుకుంది.

తెల్లవారి పొయ్యి ముందు కూర్చుని పిండి కలుపుతున్నాను. ఆయన వచ్చాడు. రెండు చెంపలూ వాచి, మొహం ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. వంటింటి తలుపు మూశాడు. చెయ్యి ఎత్తాడు.

నేను లేవలేదు. పిండి అంటిన రెండు చేతులనూ పైకెత్తి, వేళ్ళన్నీ విప్పి, అరచేతులు ఆయన వైపు తిప్పి చూపించాను. తర్వాత వెనక వైపు తిప్పాను. మళ్ళీ ముందుకు.

ఆయన చూశాడు. నా అరచేతులు చూశాడు, మణికట్లు చూశాడు, రవిక అంచు చూశాడు, ఒళ్ళో కొంగు చూశాడు, పిండి గిన్నె చూశాడు. ఇన్నేళ్ళలో నా చేతులను ఆయన చూడటం అదే మొదలు.

“ఏముందే నీ చేతుల్ల?” అన్నాడు.

“ఏం లేదు. చూడుండ్రి.”

ఆయన నమ్మలేదు. ఎత్తిన చెయ్యి మెల్లగా దిగి, షేర్వాణీ లేని ఒంటి మీద జేబు కోసం వెతుక్కుంది. తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పిండిముద్ద తీసుకుని రొట్టె తట్టడం మొదలుపెట్టాను.

ఆ పొద్దున నా చేతుల్లో నిజంగానే ఏమీ లేదు. ఆ సంగతి ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు.